మూడు రోజుల్లో మూయాల్సిన గాయం మూడు నెలలు తెరిచే ఉంటోంది

వైద్య ఆరోగ్య విభాగాల ఉన్నతాధికారులకు, జిల్లా సర్కారు దవాఖానల సూపరింటెండెంట్లకు, మా తోటి ఎముకల డాక్టర్లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల్లో నలిగిన కాళ్లకు, చేతులకు వైద్యం చేసే ప్లాస్టిక్ సర్జన్లం, ఎముకల డాక్టర్లం, థియేటర్ నర్సులం, ఫిజియోథెరపిస్టులం కలిసి రాస్తున్నాం. ఇదే సంగతి ఇదివరకు వినతిపత్రాలుగా ఇచ్చాం. కాగితం మీద ముద్ర పడింది, జవాబు మాత్రం రాలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాం.

చెప్పదలచింది ఒక్కటే. మన దగ్గర చాలా కాళ్లు పోయేది బండి గుద్దిన రోజున కాదు. ఆ తర్వాత డ్రెస్సింగులు చేసుకుంటూ, రెఫర్ చీటీలు పట్టుకుని తిరుగుతూ గడిపిన రోజుల్లో పోతున్నాయి.

65వ నంబరు జాతీయ రహదారి చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట, కోదాడ మీదుగా విజయవాడకు పోతుంది. 44వ నంబరు షాద్‌నగర్, జడ్చర్ల, భూత్పూర్, కొత్తకోట, పెబ్బేరు దాటి అలంపూర్ చౌరస్తా మీదుగా కర్నూలు వైపు పోతుంది. ఈ రోడ్ల మీద లారీ చక్రం కింద పడ్డ కాలు, దమ్ము చేసేటప్పుడు రొటావేటర్ పళ్లకు చిక్కిన పాదం, మిర్యాలగూడ వైపు రైస్ మిల్లులో బెల్టు లాగేసిన చెయ్యి, బోరు మోటారు స్టార్టర్ దగ్గర కరెంటు కొట్టి లోపలికంటా మాడిన మణికట్టు. కారణాలు వేరైనా అన్నిటిలోనూ జరిగేది ఒకటే. తోలు, కండ, బొక్క మూడూ ఒకేచోట పోతాయి. బొక్క బయటపడి, దాని మీది పలుచటి పొర కూడా లేచిపోతుంది. బొక్క విరిగి తోలు చిరిగిన గాయాలను తీవ్రతను బట్టి విడదీసే గస్టిలో వర్గీకరణలో ఇది మూడో రకం ‘బి’ గాయం. రక్తనాళం కూడా తెగితే ‘సి’.

పొర పోయిన బొక్క మీద తొడ నుంచి తీసిన పలుచటి తోలు అతికిస్తే పట్టదు. ఉత్త బండ మీద నారు పోసినట్టే. దానికి కావాల్సింది ఫ్లాప్. ఫ్లాప్ అంటే తోలు ముక్క అనే అనుకుంటారు చాలామంది, కొందరు డాక్టర్లతో సహా. కాదు. నీళ్లు తెచ్చే కాలువతో సహా లేపుకొచ్చిన మడి అది. మోకాలి కింద పై మూడో వంతుకు పిక్కలోని గ్యాస్ట్రోక్నీమియస్ కండను తిప్పి కప్పొచ్చు. నడిమి వంతుకు సోలియస్ సరిపోతుంది. కింది మూడో వంతులో, చీలమండ పైన, తిప్పుకోవడానికి చుట్టుపక్కల కండే లేదు. చిన్న గాయమైతే పక్క తోలుతో నెట్టుకురావచ్చు. పెద్దదైతే వేరేచోటి నుంచి మడిని తెచ్చి, దాని ధమనిని, సిరను కాలి ధమనికి, సిరకు మైక్రోస్కోపు కింద కుట్టాలి. కుట్టే నాళం 1 నుంచి 3 మిల్లీమీటర్లు. కుట్టే దారం వెంట్రుకలో మూడో వంతు మందం.

తోలు ఒక్కటే పోతే తోలు తెస్తాం. మూడూ పోయినప్పుడు ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న. చెరువు కింద బతికిన వాళ్లకు దీని జవాబు చెప్పడం సులువు.

ఒక పద్ధతిలో తోలు, కండ, బొక్క ఒకదానికొకటి అంటుకుని ఒకే పిల్లకాలువ మీద బతుకుతాయి. తెస్తే ముద్దగా తేవాలి, విడదీస్తే చస్తాయి. ఇంకో పద్ధతిలో రెండు తూముల కింది రెండు మడుల్ని మధ్య గట్టు కొట్టకుండా కలిపి తెస్తాం. చాలా పొడవైన గాయాలకు ఇది పనికొస్తుంది, కానీ తరచు రెండు తూములనూ కుట్టాల్సి వస్తుంది. మూడోది కైమెరిక్ ఫ్లాప్. తూము ఒక్కటే, దాని కింద కాలువలు మూడు. ఒక కాలువ కండకు, ఒకటి తోలుకు, ఒకటి బొక్కకు. ధమని ఒక్కచోట కుడితే చాలు, మూడు ముక్కలనూ మూడు దిక్కులకు తిప్పి ఎక్కడిది అక్కడ అమర్చుకోవచ్చు. 1991లో హాలక్ అనే అమెరికా సర్జన్ దీనికి ఆ పేరు వాడాడు. గ్రీకు పురాణంలో సింహం, మేక, పాము కలిసిన జంతువు పేరు అది. మన గుళ్లలో స్తంభాల మీది యాళిని చూసిన వాళ్లకు కొత్తేమీ కాదు. నాలుగోది మన గొలుసుకట్టు చెరువుల్లాంటిది. మొదటి ఫ్లాప్ నాళం రెండో కొసకు ఇంకో ఫ్లాప్‌ను కుడతారు. పై చెరువు అలుగు పారి కింది చెరువు నిండినట్టు.

ఈ మడులు ఒంట్లో ఎక్కడెక్కడ ఉన్నాయో పుస్తకాల్లో ఏనాడో రాసిపెట్టారు. చంకలోని సబ్‌స్కాపులర్ ధమని ఒక్కదాని మీదే వీపు పెద్ద కండ లాటిసిమస్, పక్కటెముకల మీది సెర్రేటస్, భుజం మీది తోలు, భుజపుటెముక అంచు బొక్క, ఇవన్నీ బతుకుతాయి. తొడ ముందు వైపు తోలు, దాని కింది వాస్టస్ లాటరాలిస్ కండ ఒకే ధమని పిల్లలు. పిక్కలోని ఫిబులా బొక్క 22 సెంటీమీటర్ల దాకా వస్తుంది, తోలుతో పాటు సోలియస్ కండ ముక్కనూ తెచ్చుకోవచ్చు. చీలమండ దగ్గర 6 సెంటీమీటర్లు మాత్రం వదిలేయాలి. లేదంటే మంచి కాలి చీలమండ కూడా వదులైపోతుంది.

ఏ ముక్క ఎందుకంటే: కండ గుంతను పూడుస్తుంది. గుంతలో ఖాళీ మిగిలితే అందులో రక్తం నిలిచి చీము పడుతుంది. తోలు పైకప్పు. ఆరు నెలల తర్వాత ఎముకల డాక్టర్ మళ్లీ లోపలికి పోవాలంటే లేపి దించగలిగే కప్పు కావాలి, కండ మీద పలుచటి తోలు వేసిన దానికంటే ఇది నయం. బొక్క 6 సెంటీమీటర్లకు మించి పోయినప్పుడు రక్తప్రసారం ఉన్న బొక్కే మేలు. అంతకు తక్కువైతే బొక్కను మెల్లగా సాగదీసే ఇలిజరోవ్ రింగులో, ముందు సిమెంటు పెట్టి తర్వాత ఆ ఖాళీలో బొక్క నింపే మాస్క్‌లే పద్ధతో చాలు. ప్రతి గాయానికీ ఫిబులా తీసే ఉత్సాహం మాకు లేదు.

ఇక గడువు మాట. ల్యూబ్లియానా సర్జన్ మార్కో గోడినా రాసిన 532 మంది లెక్కలు 1986లో అచ్చయ్యాయి. 72 గంటల్లోపు శుభ్రంచేసి ఫ్లాప్ వేసిన వాళ్లలో ఫ్లాప్ చచ్చింది 0.75 శాతం, చీము పట్టింది 1.5 శాతం. 72 గంటల నుంచి 3 నెలల మధ్య వేసిన వాళ్లలో ఫ్లాప్ చచ్చింది 12 శాతం, చీము 17.5 శాతం. ఇప్పుడు గాయంలోని తడిని పీల్చే నెగెటివ్ ప్రెషర్ మిషన్లు వచ్చాక ఈ గడువు వారం, పది రోజుల దాకా సాగుతుందని వాదించే వాళ్లున్నారు. వాదించనీయండి. నెల దాకా ఆగొచ్చని మాత్రం మేం ఎక్కడా వినలేదు. మన జిల్లాల్లో ఆ కండిషన్‌లోనే పేషెంట్లు వస్తున్నారు, బొక్క ఎండి పసుపుపచ్చగా మారాక.

పాయింట్లవారీగా మా మాట ఇది.

1. తిప్పడం మానండి. అచ్చంపేట అవతల అమ్రాబాద్‌లోనో, కొల్లాపూర్‌లోనో, దేవరకొండ తండాలోనో దెబ్బ తగిలిన మనిషి మొదట దగ్గరి దవాఖానకు, అక్కడి నుంచి జిల్లాకు, అక్కడి నుంచి పట్నానికి పోతున్నాడు. ప్రతిచోటా కట్టు విప్పి చూస్తారు, మళ్లీ కడతారు, చీటీ రాస్తారు. ప్రతి విప్పుడుకూ వార్డులోని సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. మూడు చోట్ల మూడు రోజులు గడిచేసరికి గోడినా చెప్పిన మంచి గడువు అయిపోయింది. మేం కోరేది: మొదటి దవాఖానలోనే ఒక ఫొటో, పక్కన స్కేలు పెట్టి. తడి గాజ్ గుడ్డ, దాని మీద ప్లాస్టిక్ పొర, కాలు కదలకుండా బద్ద. గంటలోపు నరానికి యాంటీబయాటిక్, టెటనస్ ఇంజెక్షన్. ఆ ఫొటో ఒక్క నంబరుకు పంపితే, ఎక్కడికి పోవాలో అక్కడి నుంచే చెప్పాలి, బండి నేరుగా అక్కడికే పోవాలి. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, డ్యూటీ చార్టూ ఒక ఫోనూ చాలు.

2. ఉమ్మడి జిల్లాకొక మైక్రోసర్జరీ యూనిట్ పెట్టండి. మహబూబ్‌నగర్‌లో సర్కారు మెడికల్ కాలేజీ 2016లో వచ్చింది, నల్లగొండలో, సూర్యాపేటలో 2019లో వచ్చాయి. కాలేజీలున్నాయి, పడకలున్నాయి, ఎముకల విభాగాలున్నాయి. దీనికి ఒక ప్లాస్టిక్ సర్జన్‌ను వేసి యూనిట్ అని బోర్డు పెట్టకండి. మూడు ముక్కల ఫ్లాప్ 8 నుంచి 12 గంటల పని. ఒక జట్టు గాయం శుభ్రం చేసి కాలి నాళాలు వెతుకుతుంటే ఇంకో జట్టు వీపు దగ్గరో తొడ దగ్గరో ముక్క లేపాలి. తెల్లారి మళ్లీ ఓపీ, రాత్రి మళ్లీ ఎమర్జెన్సీ. నలుగురు సర్జన్లకు తక్కువైతే ఈ యూనిట్ ఆరు నెలల్లో మూతపడుతుంది, మేం రాసిస్తాం.

సామాను మాట కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే కొన్నాక పాడయ్యేదే ఎక్కువ. మైక్రోస్కోపుకు ఎదురుగా కూర్చునే అసిస్టెంట్‌కు రెండో తల, కాలితో ఫోకస్ తిప్పే పెడల్ ఉండాలి. స్పేర్ బల్బు లేకుండా కొనకండి, ఆపరేషన్ నడుమ ఆరిపోయిన బల్బు కోసం పట్నానికి మనిషిని పంపలేం. వానాకాలంలో లెన్సుకు బూజు పడుతుంది కాబట్టి ఏసీ గదిలో, కవరు వేసి, సిలికా పొట్లాలతో ఉంచాలి. 3 నంబరు, 5 నంబరు జ్యువెలర్ ఫోర్సెప్స్, సూది పట్టే పరికరం, వంపు కత్తెర, తిన్నటి కత్తెర, నాళం వెడల్పు చేసే డైలేటర్, జంట క్లాంపులు: ఇవి రెండేసి సెట్లు కావాలి. వీటిని మామూలు ట్రేలో కత్తులూ కటార్లతో కలిపి ఆటోక్లేవ్‌లో పడేస్తే మొదటి రోజే కొసలు వంగుతాయి. వంగిన కొసతో నాళం లోపలి పొర చిరుగుతుంది, చిరిగిన చోట రక్తం గడ్డకడుతుంది. సిలికాన్ పరుపు ఉన్న విడి పెట్టె, దానికి బాధ్యత వహించే ఒక నర్సు ఉండాలి. 8-0, 9-0, 10-0 నైలాన్ దారాలు, కరెంటుతో రక్తం ఆపే సన్న మొనల బైపోలార్, నాళంలో రక్తం పారే శబ్దం వినిపించే 8 మెగాహెర్ట్‌జ్ చేతి డాప్లర్, హెపారిన్ కలిపిన సెలైన్, నాళం బిగుసుకుంటే వేయడానికి లిగ్నోకైన్ లేదా పాపావెరిన్, పేషెంటును వెచ్చగా ఉంచే దుప్పటి మిషన్ కావాలి. చలికి నాళాలు ముడుచుకుంటాయి. థియేటర్ ఏసీ సర్జన్ చెమట చూసి కాదు, పేషెంటు ఒళ్లు చూసి పెట్టాలి.

3. రాత్రి నర్సు లేకపోతే ఫ్లాప్ లేదు. ఆపరేషన్ బాగా జరిగినా మొదటి రెండు మూడు రోజుల్లోనే నాళం మూసుకుపోయే ప్రమాదం ఎక్కువ. మొదటి 24 గంటలు ప్రతి గంటకు, ఆ తర్వాత రెండు రోజులు రెండు గంటలకోసారి చూడాలి. ముక్క తెల్లబడి, చల్లబడి, సూది గుచ్చినా రక్తం రాకపోతే ధమని మూసుకుపోయినట్టు. నీలంగా ఉబ్బి, వేలితో నొక్కి వదలగానే రంగు తటాలున తిరిగొచ్చి, గుచ్చితే నల్లటి రక్తం కారితే సిర మూసుకుపోయినట్టు. మన వార్డుల్లో రెండో దాన్ని ‘రక్తం బాగానే వస్తోంది’ అని రాసి వదిలేయడం ఎన్నోసార్లు చూశాం. రాత్రి రెండింటికి నర్సు ఫోను చేస్తే మూడింటికల్లా థియేటర్ తెరవాలి. అప్పుడు బతికే ఫ్లాపులు సగానికి పైనే. ఉదయం రౌండ్స్ దాకా ఆగితే దాదాపు ఏదీ బతకదు.

కైమెరిక్ ఫ్లాప్‌లో ఇంకో చిక్కుంది. తూము తెరిచే ఉన్నా ఒక్క పిల్లకాలువ మెలి పడొచ్చు. పైన తోలు గులాబీ రంగులో కళకళలాడుతుంటుంది, లోపల పూడ్చిన కండ చచ్చిపోయి ఉంటుంది. వారానికి వాసనతో బయటపడుతుంది. అందుకే అమర్చేటప్పుడే మూడు కొమ్మలూ ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా, లాగుడు లేకుండా చూసుకోవాలి. డాప్లర్ శబ్దం వినాల్సిన చోట్ల కుట్టుతో గుర్తు పెట్టాలి, లోపలి కండ నుంచి చిన్న ముక్క బయటికి కనిపించేలా వదలాలి. నర్సుకు ఈ మూడు చోట్లూ బొమ్మ గీసి కేస్‌షీట్‌కు అంటించాలి. ఇద్దరు పేషెంట్లకొక నర్సు, ఆ మూడు రోజులైనా సరే. వార్డులో బీడీ, చుట్ట నిషేధం పేషెంటుకే కాదు, పక్కన కూర్చున్న అటెండెంట్లకూ ఉండాలి.

4. ప్యాకేజీని గాయాన్ని చూసి రాయండి. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదలైనప్పుడు మొదటి మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబరులో ఏడాది పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. మంచిదే, ఆ మాట ఒప్పుకుంటాం. కానీ కుటుంబం పరిమితి ఎంతున్నా, ‘ఫ్లాప్’ అనే ఒక్క మాట కింద రెండు గంటల పక్కతోలు తిప్పుడూ పన్నెండు గంటల మూడు ముక్కల పనీ ఒకటే లెక్క అయితే ఏ దవాఖాన రెండోది చేస్తుంది? సులువైనది చేసి పంపుతుంది, లేదా కాలు తీస్తుంది. ముక్కల సంఖ్యను, నాళాలు కుట్టామా లేదా అన్నదాన్ని బట్టి ధర ఉండాలి. రాత్రి తిరిగి థియేటర్‌కు తీసుకుపోయే ఖర్చు అందులోనే ఉండాలి, అనుమతి కోసం ఎదురుచూడకుండా. తర్వాతి దశలు, అంటే బొక్క పెట్టడం, ఉబ్బిన ముక్కను పలచన చేయడం, ఫిజియోథెరపీ, ఇవీ కలవాలి. 2025 మే నెలలో కేంద్రం తెచ్చిన రోడ్డు ప్రమాదాల నగదు రహిత పథకంలో 1.5 లక్షల వరకు, ప్రమాదం జరిగిన నాటి నుంచి 7 రోజుల వరకు చికిత్స ఉంది. ఆ ఏడు రోజుల్లో నాలుగు రెఫర్ చీటీలకే పోతే మిగిలేదేముంది?

5. ఈ పాయింటు ఎముకల డాక్టర్లకు, చనువుగానే రాస్తున్నాం. మీరు మొదటి రాత్రి చేసిన పనే మాకు దారి తెరుస్తుంది, మూస్తుంది. కాలు గాయాన్ని పెంచి చూడాల్సి వస్తే, లేదా కండ వాపు తగ్గించడానికి కోయాల్సి వస్తే, లోపలి వైపు కోత బొక్క అంచుకు 1.5 సెంటీమీటర్ల వెనక, బయటి వైపు కోత ముందు అంచుకు 2 సెంటీమీటర్ల బయట పెట్టండి. ఇంకా వెనక్కి పోతే పక్క ఫ్లాపులకు ఆధారమైన చిన్న నాళాలు తెగుతాయి. చీలమండకు సుమారు 10 సెంటీమీటర్ల పైన ఉన్నది వాటిలో ముఖ్యమైనది. బొక్కను బయటి నుంచి పట్టి ఉంచే ఫిక్సేటర్ రాడ్డు ముందు వైపు పెట్టండి, లోపలి వైపు పెడితే అటు నుంచి పోయే పోస్టీరియర్ టిబియల్ నాళం దగ్గరికి మైక్రోస్కోపు తల దూరదు. రాడ్డును మళ్లీ విప్పి మళ్లీ బిగించడానికి రెండు గంటలు. దెబ్బ తగిలిన కాలికి సెలైన్ ఎక్కించకండి, పాదం మీది సిరలే మాకు కావాల్సినవి.

చక్రం కింద తోలు ఒలుచుకుపోయిన కాలికి ఆ తోలును అలాగే లాగి కుట్టేయడం మనకు అలవాటు. నాలుగో రోజుకు అది నల్లబడుతుంది. అంచు నుంచి ఎర్రటి రక్తం వచ్చేంతవరకు కోసి చూడండి. రానిదాన్ని పలచగా చెక్కి అప్పుడే పలుచటి తోలుగా వాడుకోవచ్చు. కరెంటు గాయాలకు తొందర వద్దు. నాళం లోపలి పొర కంటికి కనిపించే గాయం కంటే చాలా పైదాకా మాడి ఉంటుంది. రెండు రోజులకోసారి చూసి, మంచి నాళం ఎక్కడ మొదలవుతుందో తేల్చుకున్నాకే కుట్టాలి. మాడిన చోటే కుడితే వెంటనే గడ్డ కడుతుంది. ఒకే నాళం మిగిలిన కాలికి దాని కొస కోసి కుట్టకూడదు, పక్కగా తూటు పెట్టి కుట్టాలి. పాదం బతకాలిగా.

6. కాలు తీయాలన్న నిర్ణయానికి రెండు సంతకాలు పెట్టించండి. ప్రతి కాలూ దక్కదు, అలా దక్కించాలని మేం అనడం లేదు. ఆరు గంటలకు పైగా రక్తం అందక కండ చచ్చిన కాలును పట్టుకుని కూర్చుంటే మనిషే పోతాడు. కోయంబత్తూరు గంగా హాస్పిటల్ స్కోరు ఉంది, తోలు, బొక్క, కండల దెబ్బకు విడివిడిగా మార్కులు వేస్తారు. 14 దాకా కాపాడొచ్చు, 17 గానీ ఆపైన గానీ వస్తే తీయడమే మేలు, మధ్యలో ఆలోచించాలి. అది కేస్‌షీట్‌లో రాయండి. పాదం అడుగున స్పర్శ లేదన్న ఒక్క కారణంతో తీసేయకండి, అది తర్వాత తిరిగొచ్చిన వాళ్లున్నారని కాళ్లు బాగా నలిగిన వాళ్ల మీద అమెరికాలో జరిగిన లీప్ అధ్యయనమే చూపింది. అదే అధ్యయనం రెండేళ్లకు కాలు నిలుపుకున్న వాళ్లు, తీయించుకున్న వాళ్లు దాదాపు ఒకేలా ఉన్నారని కూడా చెప్పింది. దాచము. కానీ అక్కడి లెక్క అక్కడి కృత్రిమ కాళ్లకు, అక్కడి నేలకు. బురద మడిలో దిగాల్సిన వాడికి, కింద కూర్చుని తినే ఇంట్లో బతకాల్సిన వాడికి, పాలమూరు నుంచి బొంబాయికి మట్టిపనికి పోయే వాడికి ఆ లెక్క సరిపోదు. ఒకవేళ తీయాల్సి వచ్చినా మోకాలు దక్కించండి. తీసిన పాదంలోని అరికాలి తోలునే కండతో సహా లేపి మోకాలి కింద మిగిలిన మొండి కాలికి కప్పొచ్చు. ఆ పాదాన్ని శుభ్రమైన సంచిలో చుట్టి, ఆ సంచిని ఐసు మీద పెట్టండి. నేరుగా ఐసులో వేస్తే చస్తుంది. చెత్తలో వేస్తే ఇంకేముంది.

వికలాంగుల పింఛను ఇప్పుడు నెలకు 4,016 రూపాయలు. ముప్పై ఏళ్ల మనిషికి ఇంకో ముప్పై ఏళ్లు ఇస్తే 14,45,760 రూపాయలు. ఖజానా లెక్క తెలిసిన అధికారులు దీని పక్కన ఒక ఫ్లాప్ ఖర్చు రాసి చూడండి. ఆ మనిషి కూలీ పోవడం, అతని భార్య అటెండెంటుగా వచ్చి పత్తి ఏరుడు పోవడం, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బు, అమ్మిన బర్రె, బడి మానేసిన పెద్దపిల్ల ఇందులో లేవు. చీము పట్టిన బొక్క నెలలు కాదు, ఏళ్లు కారుతుంది. పదేళ్లు, ఇరవై ఏళ్లు మానని పుండు క్యాన్సర్‌గా మారడమూ వైద్యంలో తెలిసిన సంగతే.

7. లెక్క బయట పెట్టండి. ఏ దవాఖానలో మూడో రకం ‘బి’ గాయాలు ఎన్ని వచ్చాయి, దెబ్బ తగిలినప్పటి నుంచి ఫ్లాప్ వేసేదాకా ఎన్ని గంటలు పట్టింది, ఎన్ని ఫ్లాపులు చచ్చాయి, ఎన్ని కాళ్లు తీశారు. నాలుగు గడుల పట్టిక, మూడు నెలలకోసారి. పేషెంటు పేరు అక్కర్లేదు. మా చేతుల్లో చచ్చిన ఫ్లాపులూ ఆ పట్టికలో ఉంటాయి, మాకు అభ్యంతరం లేదు.

శిక్షణకు డబ్బు లేదనే జవాబు వస్తుందేమోనని ముందే చెబుతున్నాం. నాళాలు కుట్టడం నేర్చుకోవడానికి మొదట సిలికాన్ గొట్టం, తర్వాత కోడి తొడలోని రక్తనాళం చాలు. దాని సైజు మనిషి వేలి నాళానికి దగ్గరగా ఉంటుంది, చికెన్ కొట్టులో దొరుకుతుంది. రెండు జిల్లాల పీజీలకు, థియేటర్ నర్సులకు వారానికి ఒక మధ్యాహ్నం నేర్పడానికి మేం జీతం అడగకుండా వస్తాం. గది, ఒక పాత మైక్రోస్కోపు మీరు ఇవ్వండి. వచ్చే వారం నుంచే మొదలుపెట్టొచ్చు.

ఇట్లు,
ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల్లో గాయాల వైద్యంలో పనిచేస్తున్న డాక్టర్లు, నర్సులు, ఫిజియోథెరపిస్టులు